గంధం రంగు వాళ్లు, వంకాయ రంగు వాళ్లు

రామతులసమ్మకు రంగులు చూడటం ఎవరూ నేర్పలేదు. పెళ్లై మార్కాపురం వచ్చిన కొత్తలో అత్తగారు ఒక చీరా, ఒక జాకెట్టు గుడ్డా పక్కపక్కన పెట్టి, "ఏమ్మే, నప్పినాయా?" అని అడిగింది. కొత్త కోడలు తలొంచుకునే, "నప్పలేదత్తా. దుకాణంలో లైటు కింద చూసి తెచ్చినట్టున్నారు, ఎండలోకి పోతే రెండూ కొట్లాడుకుంటాయి" అంది. అత్తగారు ఆ రెండూ పట్టుకుని వీధిలోకి పోయి చూసింది. నిజంగానే కొట్లాడుకుంటున్నాయి. అంతే, ఆ రోజు నుంచి ముప్పై రెండేళ్లు, ఆ ఇంట్లో ఎవరి ఒంటిమీదికి ఏ గుడ్డ ఎక్కాలన్నా రామతులసమ్మ కళ్లముందు నుంచి పోవాల్సిందే.

మనబోటి వాళ్లకు ఎరుపంటే ఎరుపు, పచ్చంటే పచ్చ. ఆమెకట్ల కాదు. ఉల్లిపొర రంగు, మెంతి రంగు, తమలపాకు రంగు, వంకాయ రంగు, గంధం రంగు, అన్నీ బంధువుల పేర్లు చెప్పినట్టు చెప్తది. ఎవరి మణికట్టు మీద ఏ గుడ్డముక్క పెడితే మొహం వెలుగుతదో, ఏది పెడితే జ్వరమొచ్చిన మనిషి మాదిరి కనపడతదో చూడగానే పట్టేస్తది. ఆ ఇంట్లో ఏ పెళ్లి ఫొటో చూసినా, ఏ గృహప్రవేశం ఫొటో చూసినా కంటికి హాయిగా ఉంటది. చూసినవాళ్లు కెమెరా మంచిదనుకుంటారు. కెమెరాది ఏముంది, నా బొంద.

ఇంతకూ ఎవరిల్లో చెప్పలేదు కదూ. మెయిన్ బజార్లో రంగనాయకులు బ్రదర్స్ అని పాత్రల దుకాణం వాళ్లది. పెద్దాయన రంగనాయకులు ఈమె మొగుడు. గల్లాపెట్టె దగ్గర కూచుని, వచ్చినవాళ్లను "రామ్మా, కూచో, మంచినీళ్లు తాగు" అనేదే ఆయన వ్యాపారం. తమ్ముడు కృష్ణమూర్తి అట్ల కాదు. సరుకు తెచ్చేది ఆయనే, కంపెనీల వాళ్లతో మాట్లాడేది ఆయనే, కాగితాలూ ఆయనే. తమ్ముడు ఏ కాగితం ముందర పెట్టినా అన్న చదవకుండా సంతకం పెట్టేస్తాడు. అది మంచితనమో, చేతగానితనమో బజార్లో ఇప్పటికీ తేలలేదు.

రామతులసమ్మకు ఒక్కడే కొడుకు, చెన్నకేశవులు. డిగ్రీ అయిపోయిన మర్నాటి నుంచి దుకాణంలోనే ఉన్నాడు, పెళ్లై ఇంటికి కోడలు కూడా వచ్చింది. గిన్నెను గోటితో కొట్టి, చప్పుడు విని బరువు చెప్తాడు. పెద్దవాళ్ల తర్వాత ఆ గల్లా దగ్గర తన కొడుకు కూచోవాలన్నది ఆ తల్లి ఆశ. అంతకుమించి ఆమె ఎన్నడూ ఏదీ కోరలేదు, నగలు కూడా.

కృష్ణమూర్తికి ఒక్కతే కూతురు, ఉమామహేశ్వరి. ఆ పిల్ల పుట్టినప్పుడు తల్లి నాగమల్లేశ్వరికి కామెర్లొచ్చి మంచానపడితే, పురిటిబిడ్డను ఒళ్లోకి తీసుకుంది రామతులసమ్మ. తల్లి కోలుకున్నాక కూడా ఉమ పెద్దమ్మ కొంగు వదల్లేదు. పెద్దమ్మ పక్కనే పడుకోవాలి, పెద్దమ్మే జడెయ్యాలి. ఇంట్లో ఏ ఫొటో తీసినా పెద్దమ్మ పక్కనే నిలబడాలి, లేకపోతే ఏడుపు. పోయిన ఏడు గిద్దలూరు సంబంధం చేసినారు. పెళ్లి ఫొటోల్లో కూడా చూడండి, మొగుడు ఒకపక్క, పెద్దమ్మ ఒకపక్క.

ఇక్కడ క్యాలెండర్ సంగతి చెప్పకపోతే ముందు కథ అర్థం కాదు. ఈ దుకాణం ఏటా క్యాలెండర్లు వేసి పల్లెలకు పంచుతది. కొనకనమిట్ల నుంచి ఇటు దోర్నాల దాకా వీళ్ల క్యాలెండర్ వేలాడని గోడ లేదు. చదువురాని వాళ్లు దుకాణాన్ని బోర్డు చూసి కాదు, క్యాలెండర్ మీద బొమ్మ చూసి గుర్తుపడతారు. కుక్కర్ పిడి విరిగితే క్యాలెండర్‌ను చుట్టి చంకలో పెట్టుకుని మరీ వస్తారు, "ఈ క్యాలెండర్ వాళ్ల దగ్గరే కొన్నాం" అని. ఇన్నేళ్లూ దానిమీద లక్ష్మీదేవి, కింద మూలన రామతులసమ్మ మామగారి గుండ్రని ఫొటో ఉండేవి. ఆ గుండ్రంలో ఉన్న మొహమే పల్లెల్లో దుకాణదారు.

పోయిన దసరాకు ముందు కుక్కర్ల కంపెనీ వాళ్లు, సరుకు బాగా అమ్మినందుకు నలుగురికి ఓడ ప్రయాణం ఇచ్చినారు. చెన్నైలో ఎక్కి సముద్రం మీద రెండు రాత్రులు తిరిగి రావడం. మిగతా నలుగురికి దుకాణం నుంచి టికెట్లు కొందామన్నాడు కృష్ణమూర్తి. ఒకరోజు అన్నం దగ్గర కూచుని ఇంకో మాట కూడా అన్నాడు. "వదినా, ఓడలో ఒక సాయంత్రం అందరూ దర్జాగా తయారవుతారంట. ఫొటోలు తీసేదానికి వాళ్ల మనుషులే ఉంటారంట. మన ఎనిమిది మందిమీ కలిసి ఒక మంచి ఫొటో తీసుకుందాం. ఈసారి క్యాలెండర్ మీద అదే వేద్దాం. బట్టల సంగతి నువ్వే చూడాల."

రామతులసమ్మకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. లక్ష్మీదేవి ఉండే చోట తన కొడుకు నిలబడతాడు. దోర్నాల అడవి దాకా అందరికీ తెలుస్తది, రేపటి దుకాణదారు వీడేనని. ఆ ఒక్క ఫొటో కోసం ఆమె రెండు నెలలు కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగింది.

బట్టల గురించి ఆమె మనసులో మొదట అనుకున్నది ఇది. ఎనిమిది మందికీ ఎనిమిది రంగులు, దేనికదే పక్కదాంట్లో కలిసిపోవాల. తను మెంతి రంగు, పక్కన ఉమ గంధం, ఆ పక్కన చెన్నకేశవులు తేనె రంగు. అందరినీ కలిపి నిలబెడితే ఎవరు ఎవరి పిల్లలో చెప్పలేనట్టు ఉండాల. గుడ్డముక్కలు కూడా కోసుకొచ్చి మంచం మీద వరసగా పరిచింది.

ఉమ గిద్దలూరు నుంచి వచ్చి ఆ ముక్కలు చూసింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది.

"పెద్దమ్మా, ఇట్ల కలగాపులగంగా ఇప్పుడెవరూ వేయట్లేదు. రెండే రంగులు పెడదాం. మీరు నలుగురూ వంకాయ రంగు, మేం నలుగురం గంధం. ఒకపక్క మీరు, ఒకపక్క మేము. చీరకు బాడీ ఒక రంగు, అంచు ఒక రంగు ఉన్నట్టు ఉంటది."

"ఓహో. మరి బాడీ ఎవరు, అంచెవరు?" అని నవ్వింది రామతులసమ్మ.

"మీరే బాడీ. మేము అంచు."

ఇంకేం కావాల ఆమెకు? చీర పేరెత్తి పెద్దమ్మను బుట్టలో వేసిందని ఆమెకు తట్టనే లేదు. పిల్ల తన దగ్గరే నేర్చుకుని తనకే చెప్తోందని మురిసిపోయింది. మంచం మీద ముక్కలన్నీ ఎత్తి మూటకట్టి పెట్టేసింది. నిజం చెప్తున్నా, ఆమె తలుచుకుంటే ఆ రెండు రంగుల మాట అక్కడికక్కడే కొట్టిపారేసేది. ఆ మాట ఇంకెవరన్నా చెప్పుంటే కొట్టిపారేసేది కూడా.

ఇంక వెతుకులాట మొదలైంది. వంకాయ రంగంటే ఒకటా? నల్లవంకాయ ఉంది, గుత్తివంకాయ ఉంది, తెల్లచార వంకాయ ఉంది. కోడలికి పట్టుచీర ఒక చోట దొరికితే, కొడుకు చొక్కాకు ఆ రంగు పట్టు ఇంకోచోట. ప్రతి తానూ దుకాణం మెట్లు దించి ఎండలో చూసింది. "ఈ తల్లి వచ్చిందంటే తానులన్నీ రోడ్డు మీదే" అని బట్టల దుకాణాల వాళ్లు తలపట్టుకున్నారు. గంధం రంగు ఇంకా కష్టం. ఇసుమంత తేడా వస్తే పసుపైపోతది, లేకపోతే మాసిన తెలుపైపోతది. నాగమల్లేశ్వరి చీరకు, ఉమ చీరకు, కృష్ణమూర్తి చొక్కాకు, అల్లుడి చొక్కాకు నాలుగింటికీ ఒకటే గంధం కుదిరేసరికి ఆమె నెలరోజులు తిరిగింది. తన వాళ్ల బట్టల కంటే వాళ్ల బట్టలకే ఎక్కువ తిరిగింది, అదీ ఆమె వెర్రి.

వ్యాను మాట్లాడుకుని, కొనకనమిట్ల, పొదిలి మీదుగా చెన్నై పోయినారు. ఓడ ఎక్కే దగ్గర సంచులు తనిఖీ చేసి రామతులసమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసినారు, నిప్పు భయమని ఓడలోకి రానియ్యరంట. చెన్నకేశవులు బతిమాలినా వినలేదు. ఎనిమిది జతలు మడతల గుర్తులతో ఉంటే ఫొటో ఎట్ల? కానీ పాత్రల దుకాణం కోడలు కదా. సంచిలో స్టీలు చెంబు ఉంది. ఓడ హోటల్లో టీ కోసం పెట్టిన మరుగునీళ్లు పట్టుకొచ్చి చెంబు నింపింది, మెడకు తువ్వాలు చుట్టి పట్టుకుని, అడుగుతో ఒక్కో మడత మీదా రుద్దింది. నీళ్లు చల్లారితే మళ్లీ పోయి తెచ్చింది. మధ్యాన్నం అందరూ పైకి పోయి సముద్రం చూస్తున్నారు. ఆమె ఆ చిన్న గదిలో మంచం మీద కృష్ణమూర్తి చొక్కా చేతులు సాపు చేస్తా ఉండింది. వేళ్లు బొబ్బలెక్కినాయి. అయినా సంతోషంగానే ఉండింది.

సాయంత్రం ఫొటో తీసే చోటు చూస్తే రాజుల మేడ మాదిరి తెర, ముందర రెండు కుర్చీలు. ఫొటో తీసే అబ్బాయి ఉత్తరాదివాడు, హిందీ తప్ప రాదు. కృష్ణమూర్తి పోయి వాడితో చాలాసేపు చెవిలో మాట్లాడి వచ్చినాడు. రంగనాయకులు ఒక కుర్చీలో కూచున్నాడు, తమ్ముడు రెండో కుర్చీలో.

"ఉమా, ఇట్ల నా పక్కకు రామ్మా," అని పిలిచింది రామతులసమ్మ.

"వద్దు పెద్దమ్మా, నేను ఆపక్కకొస్తే రంగు చెడిపోతది," అని ఉమ అవతలి కొసకు పోయి నిలబడింది. మొహం ఎటో పెట్టుకుంది.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ పిల్ల పెద్దమ్మ పక్కన లేని ఫొటో అదే. రామతులసమ్మకు ఎక్కడో చివుక్కుమంది. కానీ రంగుల లెక్క ప్రకారం పిల్ల చెప్పింది నిజమే కదా అనుకుని సర్దుకుంది. ఇంకో సంగతి, రెండు కుర్చీల మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉండింది. ఫొటో అబ్బాయి దగ్గరికి జరగమని చేతులూపినాడు. కృష్ణమూర్తి చెయ్యెత్తి, ఉండనియ్యమన్నాడు.

"సందెందుకు మరిదీ? పళ్లూడిన నోరు మాదిరి ఉంది," అంది రామతులసమ్మ.

ఉమే అవతలి నుంచి చెప్పింది. "క్యాలెండర్‌లో ఆ మధ్యన దుకాణం పేరు నిలువుగా వేస్తారు పెద్దమ్మా."

అట్లనా అనుకుంది. అనుకుని ఊరుకుందా? కోడలి పమిట కొసొకటి ఆ సందులోకి జారి ఉంటే, అక్షరాలకు అడ్డమొస్తదని తనే వంగి వెనక్కి లాగి, పిన్ను పెట్టి, సందును శుభ్రం చేసింది.

కార్తీకం పోయింది. ఏటా క్యాలెండర్లు ఇంటికొస్తే వాటిని చుట్టి రబ్బరు వేసేది రామతులసమ్మే. ఈసారి ఎన్నాళ్లు చూసినా రాలేదు. అడిగితే, "ప్రెస్సు వాళ్లే చుట్టి ఇస్తున్నారు వదినా, నీకెందుకు శ్రమ" అన్నాడు మరిది.

ఒకరోజు పొద్దున, అడవి నుంచి తేనె, ఉసిరికాయలు తెచ్చి అమ్మే సుబ్బులమ్మ వాకిట్లోకి వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటికి తేనె పోసే మనిషి. గంప దించి, రామతులసమ్మ మొహంలోకి అదోరకంగా చూసింది.

"నువ్వు పడవెక్కలేదా తల్లీ?"

"ఎక్కకేం, అందరం పోయొచ్చినాం."

"మరి బొమ్మలో లేవేంది?" అని గంపలో నుంచి చుట్టిన క్యాలెండర్ తీసింది. దోర్నాలలో మీ మరిది అల్లుడు జీపు పెట్టుకుని పంచుతుంటే తీసుకున్నానని చెప్పింది.

రామతులసమ్మ అరుగు మీద కూచుని విప్పింది. కృష్ణమూర్తి కుర్చీలో కూచున్నాడు. పక్కన నాగమల్లేశ్వరి, ఉమ, అల్లుడు. నలుగురూ గంధం రంగు. కింద పెద్ద అక్షరాలతో కృష్ణమూర్తి అండ్ కో అని ఉంది. రంగనాయకులు లేడు. చెన్నకేశవులు లేడు. వంకాయ రంగు దారప్పోగు కూడా లేదు. అంత నున్నగా ఎట్ల తెగిందో చూసినవాళ్లకు తెలియదు కానీ ఆమెకు తెలుసు. ఒక రంగు ఇంకో రంగులో కలిసి ఉంటే, ఆ సందు లేకపోతే, ఎవరి చెయ్యో ఎవరి కొంగో మిగిలిపోయేది. ఏదీ మిగలకుండా ఆమే సర్ది పెట్టింది.

సుబ్బులమ్మ ఏదో అడుగుతోంది, ఆమె చెవికెక్కలేదు. లోపలికి పోయి మొగుడి ముందర క్యాలెండర్ పరిచింది.

రంగనాయకులు బొమ్మ కింద పేరు మీద వేలు పెట్టినాడు. "ఆషాఢంలో కాగితాలు పెట్టినాడు. దుకాణం పేరు మార్చాలంట, పన్నుల ఆఫీసులో ఏదో తిరకాసు వచ్చిందన్నాడు," అన్నాడు.

"చదివినావా?"

"తమ్ముడే కదే," అన్నాడాయన. అని క్యాలెండర్‌ను మళ్లీ చుట్టి పక్కన పెట్టినాడు. అంటే ఆ సంతకంతోనే దుకాణం తమ్ముడి పేరు మీదికి పోయింది, ఓడెక్కేటప్పటికే వీళ్లది కాదు. చెంబుతో ఆమె చొక్కాలు రుద్దుతున్నప్పటికే కాదు. పల్లెల వాళ్లకు దుకాణదారు మారినాడని చెప్పేదానికి ఫొటో ఒక్కటే తక్కువైంది, అది ఆమె చేత తీయించుకున్నారు.

నెత్తిన కొంగు కూడా సర్దుకోకుండా బజారుకు నడిచింది. కృష్ణమూర్తి గల్లా దగ్గర కూచుని ఉన్నాడు. చెన్నకేశవులు లోపల గిన్నెలు తుడుస్తున్నాడు.

"ఏంది మరిదీ ఇది?"

"గట్టిగా మాట్లాడొద్దు వదినా, బేరాలున్నాయి. అన్న తన ఇష్టంతోనే సంతకం పెట్టినాడు. చెన్నకేశవుల్ని పొమ్మన్నానా? నా దగ్గర పనిచేసుకోమనే చెప్తున్నా. జీతం ఇస్తా."

చెన్నకేశవులు తుడుస్తున్న గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కుని బయటికొచ్చినాడు. "పదమ్మా" అన్నాడు. ఆమె కొడుకు వెనకే ఇంటికి నడిచింది. నమ్మించి గొంతు కోసినారు అనేది ఇన్నేళ్లూ విన్న మాటే, ఆ రోజు గొంతు దగ్గర నొప్పి తెలిసింది.

మరిది మోసం చేసినాడు, సరే. మగవాళ్లు, ఆస్తులు, ఆ కథ ప్రతి బజార్లో ఉంది. ఆమెకు నిద్రపట్టనియ్యంది అది కాదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గిద్దలూరు పోయింది.

తలుపు తీసి పెద్దమ్మను చూసి ఉమ తెల్లబోయింది. సోఫాలో కూచోబెట్టి మంచినీళ్లు తెచ్చింది. రామతులసమ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"ఉమా, నీకు తెలుసా?"

"నాకేం తెలవదు పెద్దమ్మా. అంతా నాయన..." అని, ఆమె కళ్లలోకి చూసి ఆగిపోయింది. "తెలుసు," అంది.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు మంచం మీద ముక్కలు పరిచిన రోజుకే తెలుసు. రెండు కుటుంబాలనూ కలిపి నిలబెడితే కత్తిరించేదానికి కుదరదన్నాడు నాయన. ఆయన చెప్తే నీకు అనుమానం వస్తదంట. అమ్మ చెప్తే నువ్వు వినవంట. నేను చెప్తే మాత్రం ఎదురు చెప్పవని, నన్ను పంపినాడు."

రామతులసమ్మ తన చేతులకేసి చూసుకుంది.

"మీ నాయన నన్ను బాగానే చదివినాడు," అంది. "దుకాణం కావాలని అడిగుంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఎప్పటికో ఊరుకునేదాన్ని. నిన్ను అడ్డం పెట్టుకున్నాడు చూడు. ముప్పై ఏళ్లలో నేను ఎవరి రంగునైనా అనుమానించినా కానీ, నీ మాటను అనుమానించలేదు. ఇప్పుడు నువ్వు చిన్నప్పుడు చెప్పిన మాటలు కూడా ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటున్నా, అవన్నా నిజమేనా అని."

ఉమ ఏడ్చింది. ఏడుస్తానే లేచి వంటింట్లోకి పోయి కంచం కడిగింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "పొద్దున బయల్దేరినట్టున్నావు. కాస్త అన్నం తిని పో పెద్దమ్మా," అంది.

రామతులసమ్మ సంచి భుజానికి వేసుకుంది.

"నువ్వు పెడితే తింటానమ్మా. అందుకే వద్దు," అని చెప్పి మెట్లు దిగిపోయింది.